పొద్దున లేవడానికి ఒక్క కారణం కూడా కనపడనప్పుడు మీరంతా ఎట్ల లేస్తా ఉండారు?

#1 తాళంచెవులు · ఆదివారం, రాత్రి 3:12

ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకోండి.

తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రాత్రి కౌంటర్లో కూర్చుంటా. తొమ్మిది నుంచి పొద్దున ఏడు దాకా. వయసు 34. సొంతూరు పాకాల పక్కన పల్లె. గుండు కొట్టించుకొని వచ్చినోళ్ళు, కొట్టించుకోను పోయేవాళ్ళు, దర్శనం బాగా అయిందని కండ్లల్లో నీళ్ళు పెట్టుకునేవాళ్ళు, వేడినీళ్ళు రాలేదని నన్ను తిట్టేవాళ్ళు, అందరినీ చూస్తా. ఆధార్ చూసి పేరు రాసుకొని తాళం ఇస్తా. ఇన్నేండ్లలో ఎన్ని వేల పేర్లు రాసుంటానో. నా పేరు అడిగినోళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. ఊరు నిండా జనమే, అందరూ ఒక రాత్రి చుట్టాలే.

మా అమ్మకు కిడ్నీలు పోయినాయి. నాలుగేండ్లు డయాలసిస్, వారానికి మూడు తూర్లు. డ్యూటీ దిగి నేరుగా ఆమెను ఆటోలో ఎక్కించుకొని పోతా ఉంటి. మిషన్ పక్కన కుర్చీలోనే నా నిద్ర. నీళ్ళు కొలిచి ఇచ్చేది, ఉప్పు తగ్గించి వండేది, అరటిపండు తింటానంటే వద్దని పోట్లాడేది. ఎవరన్నా పెండ్లి మాట ఎత్తితే 'అమ్మ సంగతి చూసినాక' అంటా ఉంటి. అమ్మ పోయి 14 నెలలైంది. ఆమె మాత్రలకని ఫోన్లో పెట్టిన అలారం రాత్రి 8 గంటలకు ఇప్పటికీ మోగుతుంది. తీసేయడానికి చెయ్యి రాలేదు.

ఇప్పుడు పొద్దున రూముకు పోతా, పడుకుంటా, నిద్ర రాదు. సాయంత్రం దాకా ఫ్యాను చూస్తా ఉంటా. స్నానం రెండు రోజులకోసారి. తిండి ఒక పూట, అదీ ఏం తిన్నానో గుర్తుండదు. ఏడుపు కూడా రాదు. వస్తే బాగుండు. హోసూరు నుంచి అక్క ఆదివారం ఫోన్ చేస్తుంది, తిన్నావా అంటుంది, తిన్నా అంటా, అయిపోయింది.

చావాలని గట్టిగా ఏం లేదు. కానీ పడుకొని మళ్ళా లేవకపోతే ఎవరికి ఏం తేడా అని రోజూ అనిపిస్తా ఉంది. ఇట్ల ఉండి లేచినోళ్ళు మీలో ఎవరన్నా ఉంటే, ఎట్ల లేచినారో చెప్పండి. నీతులు వద్దు.

#2 సంగటిముద్ద · రాత్రి 3:19

అన్నా, నేను మేలుకోనే ఉండా. అలిపిరి టోల్‌గేట్ దగ్గర లైన్లో ఉండా, బండిలో ఎనిమిది మంది, అందరూ గురక. నాకు మంచి మాటలు చెప్పను రాదు. ఊరికే 'ఉండా' అని చెప్తా ఉండా, అంతే. పేరేంది అన్నా నీది? ఇక్కడొద్దులే, విడిగా మెసేజ్ పెట్టు.

#3 నిర్వాహకుడు · ఉదయం 6:40

తాళంచెవులు గారూ, రాసినందుకు సంతోషం. అందరి కోసం ఒక మాట పైన కట్టి పెడుతున్నాను: టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను, నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే 112 లేదా 108, లేదంటే దగ్గరున్న పెద్దాసుపత్రి క్యాజువాలిటీ. ఈ చర్చలో ఎవరూ చనిపోయే పద్ధతుల గురించి రాయకండి, అడగకండి. రాస్తే తీసేస్తాను, వాదించను.

#4 కొండకింద · ఉదయం 7:05

ఓం నమో వేంకటేశాయ. ఎక్కడెక్కడి నుంచో ఆయన్ని చూడటానికి వస్తుంటే, మీరు ఆయన పాదాల దగ్గరే ఉండి దిగులు పడితే ఎట్లా? 48 రోజులు నిష్ఠగా ఉండండి. అన్నీ ఆయనే చూసుకుంటాడు. నెగటివ్ ఆలోచనలు మానేయండి.

#5 ఎస్వీయూ_హాస్టల్ · ఉదయం 7:31

నెగటివ్ ఆలోచనలు మానేయమంటే మానేసే రకం అయితే ఆయన రాత్రి మూడు గంటలకు ఇది రాసేవారా? జ్వరం వచ్చినోడికి వేడి మానేయమని చెప్పినట్టుంది.

#6 బెంగళూరా · ఉదయం 9:50

అబ్బోడా, మాది బంగారుపాళెం పక్కన. పేరు చూస్తే తెలిసుంటుంది, తోతాపురి మామిడి రైతును, ఆ కాయనే మా పక్క బెంగళూరా అంటాం. 2025లో ధర పడిపోయిన ఏడాది కాయ కోత కూలి కూడా గిట్టక సగం తోట చెట్ల మీదే వదిలేసినా. రాలిన కాయ కుళ్ళే వాసన ఇంటి దాకా వస్తా ఉండె. ఆ నెలలో నా బుర్రలో ఏం తిరిగిందో మా ఇంటామెకు ఇప్పటికీ తెలీదు. ఇక్కడ రాసినా కాబట్టి ఇంగ తెలిసినా తెలుస్తాది, కానీలే.

నన్ను ఆపింది పెద్ద కారణమేం కాదు. ఆవు. పొద్దున ఐదుకు పాలు పిండాల, ఆరు లోపల డైరీ వ్యాను వస్తాది. ఆవుకు మామిడి ధర తెలీదు, నా దిగులు తెలీదు. పొదుగు బిగిసినాక అరుస్తాది. లేచిపోయి పిండాల్సిందే. తిట్టుకుంటా లేచినా. రోజూ తిట్టుకుంటానే. ఒక నాలుగు నెలలు అట్లే. బతకాలని లేవలేదు, అది అరస్తా ఉంటే పడుకోలేక లేచినా.

#7 కట్టమంచి_అవ్వ · ఉదయం 11:15

బెంగళూరా గారూ, బాగా చెప్పారు గానీ నాకు ఆవు లేదు. మా అపార్టుమెంటులో కుక్కనే పెంచుకోనివ్వరు.

నాయనా తాళంచెవులూ, నేను 68 ఏళ్ళ రిటైర్డ్ టీచరును, చిత్తూరు. ఆయన పోయి ఆరేళ్ళు. పిల్లలిద్దరూ బయటి దేశాల్లో. మొదటి ఏడాది అందరూ వచ్చారు, పోయారు. రెండో ఏడే అసలు కష్టం, ఎందుకంటే అప్పటికి జనం మనం మామూలైపోయామని అనుకుంటారు. ఒక్కదానికి కుక్కరు పెట్టడం సిగ్గుగా ఉండేది. టీలో బన్ను ముంచుకుని తిని పడుకునేదాన్ని. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పిన గొంతు, రోజు మొత్తంలో ఒక్క మాట బయటికి రాని రోజులున్నాయి. సాయంత్రం పాలబ్బాయితో మాట్లాడబోతే గొంతు బొంగురు.

ఒకసారి బాత్‌రూములో జారి పడ్డాను. పెద్ద దెబ్బ కాదు, కానీ నేల మీద పడి ఉండి అనుకున్నాను, నేను ఇక్కడే పోతే ఎన్ని రోజులకు తెలుస్తుంది అని. లెక్కేస్తే కనీసం నాలుగు రోజులు తేలింది. ఆ లెక్కకు నాకు భయం కాదు, ఒళ్ళు మండింది. మరునాడు ఎదురింటామెతో ఒప్పందం చేసుకున్నాను. పొద్దున ఏడు లోపల నా వాకిట్లో లైటు ఆరకపోతే ఆమె వచ్చి తలుపు తట్టాలి. వాసన వచ్చేదాకా ఆగొద్దమ్మా అని చెప్తే ఆమె నన్ను తిట్టింది. ఇప్పుడు నాలుగేళ్ళుగా ఆ లైటు ఆర్పడానికే లేస్తున్నాను. ఒకరోజు మరిచిపోయి పూజలో కూర్చుంటే తలుపు విరగ్గొట్టినంత పని చేసింది.

నీ లైటు ఎవరు చూస్తున్నారు నాయనా? అది చెప్పు ముందు.

#8 రాత్రిడ్యూటీ · మధ్యాహ్నం 2:20

నేను నర్సును, పేరుకు తగ్గ ఉద్యోగం. తమ్ముడూ, సూటిగా అడుగుతున్నా, తప్పుగా అనుకోవద్దు. 'లేవకపోతే ఏమి' అనే ఆలోచన దగ్గరే ఆగిందా, లేక ఎట్లా, ఎప్పుడు అని కూడా అనుకున్నావా? దానికి ఏమన్నా దగ్గర పెట్టుకున్నావా? వివరాలు ఇక్కడ రాయకు. అవును అయితే ఈ పోస్టు పక్కన పెట్టేసి ఇప్పుడే 14416కి చెయ్యి, రూములో ఒక్కడివే ఉండకు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని జనం భయపడతారు. అట్ల పుట్టదు. అడిగినందుకు 'హమ్మయ్య' అన్నవాళ్ళనే నేను ఎక్కువగా చూశా.

ఇంకోటి. నువ్వు రాసినవి, నిద్ర లేకపోవడం, తిండి మీద మనసు లేకపోవడం, ఏదీ పట్టకపోవడం, బతుకు మీద విరక్తి, రెండు వారాలు దాటి రోజూ ఉంటే డాక్టరుకు చూపించుకోవాల్సిన జబ్బు లక్షణాలే. నీ గుణం కాదు, బలహీనతా కాదు. దుఃఖం వేరు, దుఃఖం మీద కూర్చున్న డిప్రెషన్ వేరు. రాత్రి ఉద్యోగం దాన్ని ఇంకా పెంచుతుంది. పగటి వెలుతురు కంట్లో పడకపోతే ఒంటి గడియారం తప్పిపోతుంది. థైరాయిడ్ తగ్గినా, బి12 తగ్గినా, రక్తం తగ్గినా ఇట్లే ఉంటుంది, అందుకే రక్తపరీక్ష చేయిస్తారు. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అలిపిరి రోడ్డులోనే. నీ లాడ్జి నుంచి పెద్ద దూరం కాదు.

#9 తాళంచెవులు · రాత్రి 11:48

ఇంతమంది రాస్తారనుకోలేదు. మూడు తూర్లు చదివినా.

నర్సక్కా, ఎట్ల అని ఒకటి రెండు సార్లు అనుకున్నా. అమ్మవి మిగిలిపోయిన మందులు ఇంట్లోనే ఉన్నాయి. నిన్నటి దాకా పారేయలేదు. ఈ పొద్దు పాలిథిన్ కవర్లో కట్టి సంగటిముద్ద అన్న చేతికిచ్చినా. ఆయన పొద్దునే వచ్చినాడు, టీ తాగినాము. నన్ను అన్నా అంటాడు గానీ నాకంటే పెద్ద.

రుయా పేరు వింటేనే కాళ్ళు రావు. అమ్మతో ఆసుపత్రుల చుట్టూ తిరిగీ తిరిగీ ఆ వాసనే పడదు. పైగా పిచ్చి డాక్టరు దగ్గరికి పోయినాడని మా ఊర్లో తెలిస్తే? మా పెద్దమ్మ అప్పుడే గాలి సోకింది, పుట్టెడు దిష్టి అని నిమ్మకాయ దిగదుడిచి తాయెత్తు కట్టింది. జబ్బకు ఉంది ఇప్పుడు కూడా.

కొండకింద గారూ, పైకి పోయినా. రెండు నెలల కిందట. స్వామి ముందర నిలబడినా, ఏమీ అనిపించలేదు. ఆయన మీద కోపం కూడా రాలేదు. అదే భయమేసింది.

అవ్వా, నా లైటు ఎవరూ చూడటం లేదు.

#10 మందులంగడి · సోమవారం, ఉదయం 8:10

శ్రీకాళహస్తిలో మెడికల్ షాపు నాది. ఇరవై ఏళ్ళుగా ఈ కౌంటరు ఇవతల నిలబడి చూసిన మాట చెప్తా. తాయెత్తు ఉంచుకో, దానికీ మాత్రకూ గొడవ లేదు. మాత్ర తాయెత్తు పని చెయ్యదు, తాయెత్తు మాత్ర పని చెయ్యదు.

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది 'నిద్రమాత్ర ఇవ్వండి, చీటీ లేదు' అంటారు. ఇవ్వను. అల్ప్రాజోలం లాంటివి సొంతంగా వాడితే అలవాటు పడతారు, నిజమే. డిప్రెషన్‌కు డాక్టర్లు రాసే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటివి ఆ జాతి కాదు. అవి మత్తు ఇవ్వవు, రోజు రోజుకీ డోసు పెంచుకోవాలనే ఆశ పుట్టించవు. వచ్చిన తిప్పలేమంటే గుణం వెంటనే కనపడదు, రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. కడుపులో తిప్పడం, నోరు ఎండడం, కొంచెం కంగారు మాత్రం మొదటి వారమే వస్తాయి. జనం ఏం చేస్తారు? కష్టం ముందొచ్చె, సుఖం రాలేదు అని పదో రోజు ఆపేస్తారు. ఇంకొందరు నెల తర్వాత బాగుందని ఆపేస్తారు, మళ్ళీ కిందికి పడతారు. బాగయినాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు డాక్టర్లు. ఆపేటప్పుడు వాళ్ళే మెల్లగా తగ్గిస్తారు. మొదటి వారాల్లో ఆలోచనలు ఇంకా పాడైతే వెంటనే డాక్టరుకు చెప్పాలి, అది ముఖ్యం. మందు మీద మందు కొట్టకూడదు, అర్థమైంది కదా.

#11 సంగటిముద్ద · ఉదయం 8:32

అన్న ఇచ్చిన కవరు నా దగ్గర భద్రంగా ఉంది సామీ, మందులంగడాయన చెప్తే ఏం చెయ్యాలో అదే చేస్తా. ఇంగోటి, అన్న టీలో చక్కెర వేసుకోడు. వాళ్ళమ్మకు షుగరు ఉండె కదా, ఇంట్లో చక్కెరే తెచ్చేది లేదంట. ఇప్పుడు కూడా అట్లే తాగుతాడు. నాకు ఆ టీ మింగుడు పడలేదు.

#12 కొండకింద · ఉదయం 9:00

నిన్న నేను రాసింది మళ్ళీ చదువుకున్నాను. తొందరపడ్డాను. 'ఏమీ అనిపించలేదు' అన్న మాట చదివాక నాకు మా తమ్ముడు గుర్తొచ్చాడు. వాడికీ ఇట్లాంటి మాటలే చెప్పాము, డాక్టరుకు చూపించలేదు. ఇంకేమీ రాయలేను.

నాకు తెలిసిన పని ఒకటే, నడక. అలిపిరి నుంచి 3,550 మెట్లు. నెలకు రెండుసార్లు ఎక్కుతాను. 2023లో చిరుత పాపను పొట్టన పెట్టుకున్నప్పటి నుంచి ఒంటరిగా పోవద్దు, గుంపుగా పొమ్మని దేవస్థానం వాళ్ళే చెప్తున్నారు, చేతికి కర్రలు కూడా ఇచ్చారు. మీరు పైదాకా రానక్కర్లేదు, దండం పెట్టనక్కర్లేదు. డ్యూటీ దిగినాక కాసేపు, వందో రెండొందలో మెట్లు, పొద్దుటి వెలుగులో. నేను వస్తాను. మాట్లాడమని అడగను.

#13 ఎస్వీయూ_హాస్టల్ · ఉదయం 10:20

కొండకింద గారూ, నిన్న కొంచెం గట్టిగా అన్నాను. సారీ.

#14 బెంగళూరా · మధ్యాహ్నం 1:05

ఊర్లో తెలిస్తే అనే భయం గురించి. మాకు జాతర ఉండాది గదా, తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసుంటావు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. మొగోళ్ళు చీర కట్టి పూలు పెట్టుకొని ఊరంతా తిరుగుతారు, నోటికొచ్చిన బూతులు తిడతారు, తిట్టించుకున్నోళ్ళు దండం పెడతారు. మామూలు రోజున ఆ పని చేస్తే పిచ్చోడంటారు. ఊరికి ఎప్పుడు ఏది పిచ్చో అది ఊరు చూసుకుంటాది. నీ పని నువ్వు చూసుకో.

నేను పలమనేరులో చూపించుకున్నా, రైతునని చెప్పి. ఆ డాక్టరమ్మ కూడా రైతు బిడ్డే, మందు రాసేముందు పూత ఎట్లుంది అని అడిగింది.

#15 రాత్రిడ్యూటీ · మధ్యాహ్నం 3:40

భయం గురించి ఇంకో మాట, ఇది చాలామందికి తెలీదు. ప్రాణం తీసుకోబోయి బతికినవాళ్ళ మీద పోలీసు కేసు పెడతారని ఇంట్లోవాళ్ళు ఆసుపత్రికి తేవడానికే జంకుతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాక లెక్క మారింది. అట్లాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే చట్టం ముందుగా భావిస్తుంది, శిక్షించదు, వైద్యం చూపించే బాధ్యత ప్రభుత్వానిది. ఆరోగ్య బీమా కంపెనీలు కూడా ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మనసు జబ్బులకూ ఇవ్వాలని అదే చట్టంలో ఉంది.

#16 కట్టమంచి_అవ్వ · బుధవారం, సాయంత్రం 5:30

తాళంచెవులు మూడు రోజులుగా కనపడటం లేదు. ఎవరికన్నా తెలుసా?

#17 ఎస్వీయూ_హాస్టల్ · సాయంత్రం 6:02

నేనూ అదే చూస్తున్నా, గంటకోసారి ఈ పేజీ తెరుస్తున్నా. 14416 పెట్టాక కూడా మనం ఏమీ చేయలేమా?

#18 సంగటిముద్ద · గురువారం, రాత్రి 4:25

ఇప్పుడే పోయి చూసొచ్చినా. అందరూ ఊపిరి పీల్చుకోండి. అన్న కౌంటర్లో కూర్చొని టేబుల్ మీద తలపెట్టి నిద్రపోతా ఉండాడు. నిద్ర రాదన్న మనిషి! లేపితే అడిగినాడు, రూము కావాలా సార్ అని. ఫోను డిస్‌ప్లే పోయిందంట, రిపేరుకిచ్చినాడంట. నేను అక్కడే రెండు మాటలు తిట్టి వచ్చినా. తిట్టచ్చా నర్సక్కా, తిట్టకూడదా?

#19 రాత్రిడ్యూటీ · ఉదయం 5:50

ఈసారికి తిట్టచ్చు.

#20 తాళంచెవులు · శనివారం, సాయంత్రం 4:10

ఫోన్ వచ్చింది. భయపెట్టినందుకు మన్నించండి.

సోమవారం రాత్రి 14416కి చేసినా. భాష ఎంచుకోమంటుంది, తెలుగు నొక్కితే ఒకామె ఎత్తింది. ఏం మాట్లాడాలో తెలీక కాసేపు ఊరికే ఉన్నా. ఆమె పెట్టేయలేదు. తర్వాత ఎంతసేపు మాట్లాడినానో నాకే తెలీదు, మధ్యలో రెండు ఫ్యామిలీలు వచ్చినారు, 'ఒక్క నిమిషం మేడమ్' అని తాళాలిచ్చి మళ్ళా మాట్లాడినా. అంతసేపు అమ్మ గురించి ఎవరికీ చెప్పలేదు ఇంతవరకు. అక్కకు కూడా.

గురువారం రుయాకు పోయినా. సంగటిముద్ద అన్న బండి బయట పెట్టుకొని కూర్చున్నాడు. ఓపీ చీటీ రాయించుకొని బెంచీ మీద కూర్చుంటే, పక్కన చదువుకునే పిల్లోడు, ఆ పక్కన చేతిలో బిడ్డతో ఒకామె, ఒక రిటైర్డ్ సారు, ఒక పోలీసాయన మఫ్టీలో. పిచ్చోళ్ళు ఉంటారనుకుంటి. అందరూ మా లాడ్జికి వచ్చేవాళ్ళ మాదిరే ఉన్నారు. డాక్టరు కుర్రోడే. తిండి, నిద్ర, పని, తాగుడు అడిగినాడు, ఆ ఆలోచనల గురించి నర్సక్క అడిగినట్టే అడిగినాడు. రక్తానికి రాసినాడు. మాత్ర పొద్దున ఒకటి. రెండు వారాలకు మళ్ళా రమ్మన్నాడు. రాత్రి డ్యూటీ మార్చుకోలేవా అని అడిగితే నవ్వొచ్చింది, జీతమే దాని మీద.

#21 కట్టమంచి_అవ్వ · సాయంత్రం 6:45

నవ్వొచ్చింది అన్నావు. బాగుంది.

ఇంక నీ లైటు సంగతి. రోజూ సాయంత్రం ఐదింటికి నాకు ఒక్క అక్షరం పెట్టు, చుక్క పెట్టినా చాలు. ఆరు దాటితే ఫోన్ చేస్తాను, ఎత్తకపోతే సంగటిముద్దకు చెప్తాను. నేను లెక్కల టీచరును, వదలను.

#22 తాళంచెవులు · పది రోజుల తర్వాత, ఉదయం 7:40

ఏం గుణం లేదు. కడుపులో తిప్పుతా ఉంది, ఇడ్లీ వాసన కూడా పడటం లేదు. ఇంకా అధ్వాన్నంగా ఉంది అనను, కానీ ఇంతేనా అనిపిస్తుంది. ఆపేద్దామా అని చూస్తా ఉండా. రక్తంలో బి12 తక్కువుందంట, దానికి ఇంజెక్షన్లు మొదలైనాయి. అవ్వకు చుక్కలు పెడతానే ఉండా.

#23 మందులంగడి · ఉదయం 8:05

చెప్పానా? పదో రోజు. సరిగ్గా పదో రోజు. ఆపొద్దు. ఖాళీ కడుపున వేసుకుంటున్నావేమో, టిఫిను తర్వాత వేసుకోవచ్చా అని డాక్టరును అడుగు, రెండు వారాల చూపు ఎటూ దగ్గర్లోనే ఉంది కదా. సొంతంగా మాత్రం ఏదీ మార్చకు.

#24 కొండకింద · ఉదయం 8:30

ఇయ్యాళ 180 మెట్లు ఎక్కాము. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. దిగేటప్పుడు కోతి నా సంచి లాక్కుపోతే మాత్రం గట్టిగా 'పోయె' అన్నాడు. రాసుకున్నాను.

#25 తాళంచెవులు · ఐదో వారం, రాత్రి 1:20

చిన్న సంగతి. పెద్దగా చెప్పుకునేదేం కాదు.

నిన్న సాయంత్రం డ్యూటీకి వస్తా ఉంటే, లీలామహల్ సర్కిల్ దాటినాక ఒక తోపుడుబండి కాడ తాలింపు వేసినారు. ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకు. ఆ వాసనకు కడుపులో ఆకలైంది. ఆకలి అంటే ఇట్లుంటుందా అని నిలబడిపోయినా రోడ్డు మీద. వెనకాల ఆటోవాడు హారన్ కొట్టినాడు. రెండు దోసెలు తిన్నా, ఊరుబిండి ఇంకోసారి వేయించుకున్నా.

రూముకు పోయినాక ఏడ్చినా. శానా సేపు. ఆ బండామె చేసిన ఊరుబిండిలో బెల్లం ఎక్కువైంది, అమ్మ వేయదు అంత.

#26 సంగటిముద్ద · రాత్రి 1:31

ఊరుబిండిలో బెల్లమా? ఎవరన్నా ఆ బండి మీద కేసు పెట్టండి. చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు, ఎల్లిపాయ, అంతే. రోట్లో నూరాల.

#27 కట్టమంచి_అవ్వ · ఉదయం 6:55

చిటికెడు బెల్లం వేస్తారు నాయనా. మా ఇంట్లో వేస్తాం. వాదించకు, లైటు ఆర్పి వస్తాను.

#28 బెంగళూరా · ఉదయం 9:15

అన్నా, ఆ ఎనిమిది గంటల అలారం సంగతి ఏమైంది? నీ మాత్రకు మార్చుకో. అమ్మే మోగించినట్టుంటాది.

#29 తాళంచెవులు · సాయంత్రం 5:02

లేదన్నా. నా మాత్ర పొద్దునది. ఆ అలారం అమ్మది, అట్లే ఉండనీ. మోగినప్పుడు ఇంతకుముందు గబుక్కున నొక్కేసేవాణ్ణి, ఇప్పుడు పూర్తిగా మోగనిస్తా.

అంతా బాగయిందని అనుకోవద్దు. నాయినా అమ్మా ఇద్దరూ లేని ఇంటికి పండక్కి పోవాలంటే ఇంకా కాళ్ళు రావు. మంగళవారం రోజంతా పడుకోనే ఉన్నా, అవ్వకు చుక్క ఐదున్నరకు పెట్టినా, అప్పటికే రెండు మిస్డ్ కాల్స్. అక్కకు నిజం చెప్పినా ఆదివారం. తిన్నావా అంటే తినలేదు అన్నా. ఆమె ఏడ్చింది, ఎందుకు చెప్పలేదని తిట్టింది, మరుసటి వారం పిల్లోళ్ళతో వచ్చింది. రూము చూసి మళ్ళా తిట్టింది. నాలుగు రోజులుండి బట్టలన్నీ ఉతికి పోయింది.

(ఇప్పుడే ఐదు దాటింది. అవ్వా, ఇదే నా చుక్క.)

#30 నిర్వాహకుడు · రాత్రి 9:30

ఈ చర్చను మామూలుగా నెల తర్వాత మూసేయాలి. తెరిచే ఉంచుతున్నాను.

#31 ఎస్వీయూ_హాస్టల్ · శుక్రవారం, రాత్రి 2:38

ఎవరన్నా మేలుకొని ఉన్నారా

#32 తాళంచెవులు · రాత్రి 2:41

ఉండా. ఇప్పుడే అనంతపురం బస్సు వచ్చింది, పదైదు మంది కౌంటరు ముందర. తాళాలిచ్చేసి వస్తా. పది నిమిషాలు, పోవద్దు పాపా.

#33 ఎస్వీయూ_హాస్టల్ · రాత్రి 2:43

పోను. పెద్ద విషయమేం కాదు. అంటే, ఏమో. మూడు వారాలుగా క్లాసుకు పోలేదు. మొదట మెస్‌లో ఉప్మాను తిట్టాలని ఉంది, తర్వాత మిగతాది చెప్తా.

#34 తాళంచెవులు · రాత్రి 2:56

ఇచ్చేసినా. ఒకాయన నా పేరు అడిగినాడు ఈ పొద్దు, తర్వాత చెప్తాలే అది.

చెప్పు, ఉప్మాకేమైంది?